మెదడు స్కానింగులో లోహం వేసే నీడ: దాతలు తెలుసుకోదగిన కొన్ని సంగతులు

వైద్య సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తులో ‘మెదడు ఆపరేషన్’ అన్న మాట కనిపిస్తే దాతల చేయి వెంటనే ముందుకు వస్తుంది. ఆపరేషన్ జరిగిన ఆరు నెలలకో, ఏడాదికో అదే కుటుంబం “మళ్లీ స్కానింగు రాశారు” అంటూ కాగితం పట్టుకుని వస్తే మాత్రం మనలో చాలామందికి సందేహం కలుగుతుంది. ఆపరేషన్ బాగా జరిగింది కదా, మళ్లీ స్కానింగు ఎందుకు? పోయినసారి సి.టి. తీశారు, ఈసారి ఎం.ఆర్.ఐ. ఎందుకు? సి.టి., ఎం.ఆర్.ఐ. రెండూ అయ్యాక ఇంకా ఖరీదైన మూడో పరీక్ష ఏమిటి? ఆసుపత్రివాళ్లు డబ్బు కోసం రాస్తున్నారా?

ఈ ప్రశ్నలు అడగడంలో తప్పు లేదు. దాత ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి. అయితే వీటికి జవాబు తెలియాలంటే ఒక చిన్న సైన్సు పాఠం అర్థం కావాలి. మెదడులో అమర్చిన లోహం స్కానింగు బొమ్మను ఎలా పాడు చేస్తుంది, ఆ పాడును ఎలా తగ్గిస్తారు అన్నదే ఆ పాఠం. మేము డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లం. అందుకే తరగతి గదిలో చెప్పినట్లే, ఒక్కో మెట్టూ ఎక్కుతూ చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

ఉబ్బిన నాళం, దానికి వేసే లోహం

మెదడు అడుగు భాగంలో నాలుగు పెద్ద ధమనులు తెచ్చిన రక్తం ఒక వలయంలో కలుస్తుంది. ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1664లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు కనుక దానికి విల్లిస్ వలయం అని పేరు. ఈ వలయం దగ్గర నాళాలు చీలే చోట గోడ బలహీనపడి, పాత సైకిలు ట్యూబు ఒకచోట ఉబ్బినట్లు బుడగలా ఉబ్బుతుంది. దీన్నే అన్యూరిజం అంటారు. చాలామందిలో అది ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండిపోతుంది. కొందరిలో హఠాత్తుగా పగులుతుంది. జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి, వాంతులు, స్పృహ తప్పడం దాని గుర్తులు. అలాంటప్పుడు ప్రతి గంటా విలువైనదే.

చికిత్సలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది కపాలం తెరిచి బుడగ మెడకు బట్టల క్లిప్పులాంటి చిన్న లోహపు క్లిప్పు బిగించడం. అమెరికాలో వాల్టర్ డాండీ 1937 మార్చిలో వెండి క్లిప్పుతో ఈ పని మొదటిసారి చేశాడు. తరువాతి కాలంలో స్టీలు, కోబాల్టు మిశ్రమాలు, టైటానియం వచ్చాయి. రెండవది కపాలం తెరవకుండా తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, బుడగ లోపల దారం ఉండలా మెత్తని ప్లాటినం తీగను నింపడం. దీన్ని కాయిలింగు అంటారు. గుగ్లియెల్మి అనే ఇటలీ వైద్యుడు అమెరికాలో రూపొందించిన కాయిల్‌ను 1990లో మొదటిసారి రోగికి వాడారు. 1995లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కాయిలింగుకు, క్లిప్పుకు తగిన 2,143 మంది రోగులపై జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. పగిలిన బుడగ ఉన్నవారిలో, ఏడాది తరువాత చనిపోయిన లేదా ఇతరులపై ఆధారపడవలసి వచ్చినవారు కాయిల్ వర్గంలో నూటికి 24 మంది, క్లిప్ వర్గంలో నూటికి 31 మంది దాకా ఉన్నారని తేలింది. ఆ తరువాత కాయిలింగు వేగంగా వ్యాపించింది. ఇప్పుడు వీటికి తోడు నికెల్–టైటానియం స్టెంట్లు, కోబాల్టు–క్రోమియం, ప్లాటినం తీగలతో జల్లెడలా అల్లిన గొట్టాలు కూడా వాడుతున్నారు.

కాయిలింగులో ఒక ఇబ్బంది ఉంది. బుడగలో నింపిన తీగ ఉండ కాలక్రమేణా రక్తం తాకిడికి అణిగిపోతుంది. గోనెసంచిలో దూది కుక్కితే కొన్నాళ్లకు అడుగుకు దిగి పైన ఖాళీ ఏర్పడుతుంది కదా, అలాగే. కాయిల్ వేసిన బుడగల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఎంతోకొంత భాగం మళ్లీ తెరుచుకుంటుందని, సుమారు పదింట ఒకదానికి మళ్లీ చికిత్స అవసరమవుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. క్లిప్ వేసినా మెడ దగ్గర కాస్త మిగిలిపోవచ్చు. ఆ మిగిలిన భాగం ఉందా లేదా, ఉంటే పెరుగుతోందా అని చూడటానికే తరువాతి స్కానింగులు. చిక్కు ఎక్కడంటే, చూడవలసిన చోటు సరిగ్గా లోహం పక్కనే ఉంది. స్కానింగు అత్యంత మసకగా కనిపించేది కూడా అక్కడే.

సి.టి. ఎందుకు తడబడుతుంది

సి.టి. అంటే ఎక్స్‌రే నీడలతో చేసే లెక్క. ఒక వస్తువు నీడను ఒకవైపు నుంచి చూస్తే దాని ఆకారం తెలియదు. చుట్టూ తిరుగుతూ వందల దిక్కుల నుంచి నీడలు చూస్తే లోపల ఏముందో లెక్కగట్టవచ్చు. ఈ సూత్రంతో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంపై 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి రోగి మెదడు బొమ్మ తీశారు. 1979లో ఆయనకు, అలెన్ కార్మాక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. నేటికీ సి.టి.లో కొలత ఆయన పేరుతోనే ఉంది. ఆ కొలతలో గాలి మైనస్ 1000, నీరు సున్నా. గట్టి ఎముక వెయ్యి, ఆపైన. లోహం వేలల్లోకి పోయి, సాధారణ కొలబద్ద చివర దాటిపోతుంది.

లోహం దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. మొదటిదాన్ని ఒక పోలికతో చెబుతాం. వరద వచ్చిన వాగును ఒక గుంపు దాటుతోందనుకోండి. బలహీనులు మధ్యలోనే ఆగిపోతారు, బలవంతులు మాత్రమే ఒడ్డు చేరతారు. అవతలి ఒడ్డున ఉన్నవాడు చేరినవాళ్ల బలం చూసి “వాగు అంత లోతేం లేదు” అనుకుంటాడు. ఎక్స్‌రే పుంజంలోనూ బలహీన కిరణాలు, బలమైన కిరణాలు కలిసి ఉంటాయి. లోహం బలహీన కిరణాలను మింగేసి బలమైనవాటినే పోనిస్తుంది. పుంజంలో అన్నీ ఒకే బలం గల కిరణాలే అన్నట్లు కంప్యూటరు లెక్క వేస్తుంది కనుక తప్పు వస్తుంది. లోహం పక్కన నల్లటి పట్టీలు పడతాయి.

రెండవ తప్పు ఇంకా సులభం. ప్లాటినం ఉండ దట్టంగా ఉంటే ఆ దిక్కున దాదాపు ఏ కిరణమూ అవతలికి చేరదు. చేరని కిరణంతో లెక్క వేయమంటే కంప్యూటరు ఏం చేస్తుంది? ఆ దిక్కు పొడవునా తెల్లటి, నల్లటి చారలు గీస్తుంది. దీపం నుంచి కాంతి రేఖలు చిమ్మినట్లు లోహం నుంచి నలువైపులా చారలు కనిపిస్తాయి. వైద్యులు వీటిని ఆర్టిఫాక్టులు అంటారు. శరీరంలో లేనిది బొమ్మలో కనిపించడం అన్నమాట. మనం అబద్ధపు నీడలు అందాం.

ఏ లోహం ఎంత నీడ వేస్తుంది అన్నది దాని పరమాణు సంఖ్య మీద, సాంద్రత మీద ఆధారపడుతుంది. టైటానియం పరమాణు సంఖ్య 22, ప్లాటినానిది 78. ఒక ఘన సెంటీమీటరు టైటానియం నాలుగున్నర గ్రాములుంటే, అంతే పరిమాణం గల ప్లాటినం 21 గ్రాములు దాటుతుంది. అందుకే సి.టి.లో టైటానియం క్లిప్పు చుట్టూ ఉన్న నాళం చాలాసార్లు కనిపిస్తుంది. ప్లాటినం కాయిల్ చుట్టూ మాత్రం ఆ ప్రాంతమంతా చారలతో నిండిపోతుంది.

సి.టి.లో నీడను తగ్గించే ఉపాయాలు

కొన్ని ఉపాయాలకు పైసా ఖర్చు లేదు. తల వంపునో, యంత్రం వంపునో మార్చి లోహం, చూడవలసిన నాళం ఒకే అడ్డుకోతలో పడకుండా చేయవచ్చు. పళ్లలోని సిమెంటు, తొడుగుల చారలు తప్పించడానికీ ఇదే ఉపాయం. పలుచని కోతలు తీయడం, చూసేటప్పుడు తెరపై తెలుపు–నలుపుల పరిధిని విశాలంగా పెట్టుకోవడం కూడా ఉపయోగపడతాయి. ఇవి టెక్నీషియన్, రేడియాలజిస్టుల ఓపిక మీద ఆధారపడిన పనులు.

రెండవ రకం ఉపాయం లెక్కలో సవరణ. జర్మనీకి చెందిన విల్లీ కాలెండర్ బృందం 1987లో ఒక పద్ధతి ప్రచురించింది. లోహం నీడ పడిన భాగాన్ని నమ్మదగని కొలతగా భావించి తీసేసి, దానికి ఇరువైపులా ఉన్న మంచి కొలతలను బట్టి మధ్యలో పూరించడమే ఆ పద్ధతి. ఊరి పటం మీద సిరా ఒలికిందనుకోండి. మరక ఇటువైపు రోడ్డు ఉంది, అటువైపు అదే రోడ్డు కొనసాగుతోంది. మధ్యలో రోడ్డే ఉంటుందని గీత కలుపుతాం. తరువాతి కాలంలో ఈ పద్ధతిని ఎంతో మెరుగుపరిచారు. నేడు పెద్ద కంపెనీల యంత్రాల్లో ఏదో ఒక పేరుతో ఈ సవరణ ఉంటోంది.

అయితే సిరా మరక కింద ఒక చిన్న కాలువ ఉండి ఉంటే? అది ఇరువైపులా కనిపించదు కనుక మన పూరింపులో మాయమైపోతుంది. సవరించిన బొమ్మలోనూ లోహానికి ఆనుకుని ఉన్న సన్నని నాళం చెరిగిపోవచ్చు, లేని ఇరుకు కొత్తగా కనిపించవచ్చు. అందుకే సవరించిన బొమ్మను ఒంటరిగా నమ్మకుండా, సవరించని అసలు బొమ్మను పక్కన పెట్టుకుని చూడాలి. శుభ్రంగా కనిపించే బొమ్మ ఎప్పుడూ నిజమైన బొమ్మే అనుకోకూడదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోమని మా మనవి.

మూడవది రెండు శక్తుల సి.టి. ఎక్కువ, తక్కువ శక్తి గల కిరణాలతో కొలతలు తీసుకుని, ఒకే శక్తి గల కిరణాలతో తీస్తే ఎలా ఉండేదో ఆ బొమ్మను లెక్కగడతారు. వాగు పోలికలో చెప్పాలంటే, గుంపులో అందరూ ఒకే బలం గలవాళ్లే అయితే ఒడ్డున ఉన్నవాడి లెక్క తప్పదు. ఎక్కువ శక్తి వద్ద తయారైన బొమ్మలో లోహపు చారలు తగ్గుతాయి. కానీ ఇక్కడ ఒక బేరం ఉంది. రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించే మందులో అయోడిన్ ఉంటుంది. అయోడిన్ తక్కువ శక్తి వద్దే తెల్లగా మెరుస్తుంది. శక్తి పెంచేకొద్దీ చారలతో పాటు నాళమూ వెలసిపోతుంది. కాబట్టి రేడియాలజిస్టు రెండింటి మధ్య సమతూకం చూసుకుని, వేరువేరు శక్తుల బొమ్మలు తెప్పించుకుని పోల్చాలి. అలాంటి చోట ఈ శక్తి సవరణను, మరక పూరించే సవరణను కలిపి వాడటమూ ఉంది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన, ఎక్స్‌రే కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే కొత్త తరం సి.టి. ఈ దారిలోనే మరో అడుగు.

నాలుగవది తీసివేత. మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి తీసి, రెండో దానిలోంచి మొదటిది తీసివేస్తే ఎముక, లోహం పోయి నాళాలు మిగులుతాయి. రెండుసార్లకూ మధ్య రోగి తల కదిలితే తీసివేత కుదరదు. రేడియేషన్ కొంత పెరుగుతుంది. చారల చాటున పోయిన సమాచారం కూడా తీసివేతతో తిరిగి రాదు.

ఎం.ఆర్.ఐ. కథ వేరు

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రేలు లేవు, బలమైన అయస్కాంతం ఉంది. సాధారణంగా వాడే 1.5 టెస్లా యంత్రం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. ఆ క్షేత్రంలో శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలు ఒక శ్రుతిలో పలుకుతాయి. యంత్రం వాటిని వింటుంది.

తరగతిలో ఒక్కో బెంచి పిల్లలకు ఒక్కో శ్రుతి ఇచ్చామనుకోండి. కళ్లు మూసుకున్నా, వినిపించిన శ్రుతిని బట్టి ఏ బెంచి వాళ్లు పాడుతున్నారో చెప్పగలం. ఎం.ఆర్.ఐ. చేసేది అదే. ఒక మూల ఎవరో మైకు పెట్టి పెద్దగా మరో రాగం తీస్తే ఆ చుట్టుపక్కల పిల్లల శ్రుతి చెడుతుంది. మూడో బెంచి వాళ్లు ఐదో బెంచిలో ఉన్నట్లు వినిపిస్తారు. ఇంకా దగ్గరివాళ్లు తలా ఒక శ్రుతిలో పాడి ఒకరి గొంతు ఒకరు చెరిపేసుకుంటారు, ఏమీ వినిపించదు. లోహం చేసేది ఈ మైకు పనే. తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని వంచుతుంది. బొమ్మలో ఆ చోట ఒక నల్లటి గుంట పడుతుంది, అంచులు వంకర పోతాయి.

ఇక్కడ లోహాల వరుస మారిపోతుంది. సి.టి.లో ఎక్కువగా అల్లరి చేసిన మెత్తని ప్లాటినం కాయిల్ ఎం.ఆర్.ఐ.లో చాలా నెమ్మదస్తురాలు. దాని చుట్టూ పడే గుంట చిన్నది. సి.టి.లో బుద్ధిగా ఉన్న టైటానియం క్లిప్పు ఎం.ఆర్.ఐ.లో తన చుట్టూ గుంట వేసి బుడగ మెడను కప్పేస్తుంది. కోబాల్టు మిశ్రమపు క్లిప్పు గుంట ఇంకా పెద్దది. స్టెంట్లకు మరో గుణం ఉంది. లోహపు వల రేడియో తరంగాలను కొంతవరకు లోపలికి రానివ్వదు. దాంతో నాళం లోపల రక్తం బాగా పారుతున్నా బొమ్మలో ఇరుకుగా, ఒక్కోసారి మూసుకుపోయినట్లుగా కనిపిస్తుంది. ఆ బొమ్మను చూసి కుటుంబం గుండెలు బాదుకునే ముందు, అది రోగమా, నీడా అని అడగాలి.

ఎం.ఆర్.ఐ.లో నీడ తగ్గించే ఉపాయాలూ ఉన్నాయి. 3 టెస్లా బదులు 1.5 టెస్లా యంత్రం వాడితే గుంట చిన్నదవుతుంది. ఎక్కువ టెస్లా అయితే ఎక్కువ మంచిదని అనుకోవడం లోహం ఉన్నవారి విషయంలో ప్రతిసారీ నిజం కాదు. శ్రుతి పూర్తిగా చెడేలోపే వినడం, అంటే ప్రతిధ్వని కోసం ఆగే సమయాన్ని మిల్లీ సెకన్లలో వీలైనంత తగ్గించడం మరో ఉపాయం. ఈ సమయాన్ని దాదాపు సున్నాకు తెచ్చిన కొత్త పద్ధతుల్లో స్టెంటు లోపలి నాళం మునుపటి కంటే బాగా కనిపిస్తోంది. గ్రహించే తరంగాల పట్టీని వెడల్పు చేయడం, చిన్న చిన్న గడులుగా బొమ్మ తీయడం కూడా సాయపడతాయి. వీటిలో చాలావరకు యంత్రంలో ఉన్న అమరికలే. అయితే లోపల ఏ లోహం ఉందో టెక్నీషియన్‌కు ముందే తెలిస్తేనే అతను వాటిని మార్చగలడు.

గొట్టం వేసి తీసే పరీక్ష

చివరి తీర్పు సాధారణంగా డి.ఎస్.ఎ. అనే పరీక్షదే. పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో మెదడు నాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసిన పద్ధతికి ఇది నేటి రూపం. మందు ముందు బొమ్మను మందు తరువాతి బొమ్మలోంచి కంప్యూటరు తీసివేస్తుంది. రోగి కదలకుండా ఉంటే లోహం బొమ్మలోంచి చాలావరకు తప్పుకుని, పారే రక్తం మాత్రం నల్లని కొమ్మల్లా కనిపిస్తుంది. దట్టమైన కాయిల్ ఒక వైపు నుంచి అడ్డొస్తే మరో కోణం నుంచి చూస్తారు. నాళాలను ఇంత స్పష్టంగా చూపే పరీక్ష మరొకటి లేదు. అయితే ధమనిలోకి గొట్టం పంపాలి, అనుభవజ్ఞులైన బృందం కావాలి, ఖర్చు ఎక్కువ. పక్షవాతం వంటి ప్రమాదం చాలా తక్కువే అయినా సున్నా కాదు. అందుకే ప్రతిసారీ ఇదే చేయరు. నొప్పి లేని స్కానింగుతో పని జరిగితే దానితోనే సరిపెట్టడానికే ఈ నీడలు తగ్గించే శ్రమంతా.

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు జవాబు దొరికింది. కాయిల్ వేసినవారికి తరువాతి పరీక్షగా ఎక్కువగా ఎం.ఆర్. ఆంజియో రాస్తారు. కారణం, సి.టి.లో ప్లాటినం చారలు. క్లిప్ వేసినవారికి ఎక్కువగా సి.టి. ఆంజియో గానీ డి.ఎస్.ఎ. గానీ రాస్తారు. కారణం, ఎం.ఆర్.ఐ.లో క్లిప్పు గుంట. స్టెంట్ ఉన్నవారిలో ఎం.ఆర్.ఐ. అనుమానంగా ఉంటే డి.ఎస్.ఎ.తో తేల్చుకుంటారు. ఒకరికి సి.టి., మరొకరికి ఎం.ఆర్.ఐ. రాయడం వెనుక చాలాసార్లు ఉండేది లోహం స్వభావమే. దీనికి విరుద్ధంగా రాసినప్పుడు కూడా తగిన కారణం ఉండవచ్చు. కారణం అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది.

భద్రత వేరు, స్పష్టత వేరు

“ఈ క్లిప్పుకు ఎం.ఆర్.ఐ. తీయవచ్చు” అని డాక్టరు చెబితే, బొమ్మ బాగా వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు అర్థం, చెప్పిన షరతుల్లో ప్రమాదం లేదని మాత్రమే. బొమ్మలో నీడ పడుతుందా లేదా అన్నది వేరే విషయం.

భద్రత విషయంలో ఒక దుర్ఘటనను వైద్యలోకం మరచిపోలేదు. పాతకాలపు కొన్ని స్టీలు క్లిప్పులు అయస్కాంతానికి ఆకర్షితమవుతాయి. అమెరికాలో ఒక రోగి తలలోని క్లిప్పు ఎం.ఆర్.ఐ. గదిలోనే కదిలి, నాళం చిరిగి, ప్రాణం పోయింది. ఈ నివేదిక 1993లో అక్కడి రేడియాలజీ వైద్య పత్రికలో వచ్చింది. ఆ క్లిప్పు సురక్షితమైన రకమేనని ముందు అనుకున్నారు. తరువాత చూస్తే అది మరో రకం. యంత్రంలో లోపం లేదు. తలలో ఏముందో చెప్పే సమాచారం తప్పింది, అంతే. ఇప్పుడు వేసే క్లిప్పులు ఎక్కువగా టైటానియం, కోబాల్టు మిశ్రమాలే కనుక ఆ భయం బాగా తగ్గింది. కానీ పాత ఆపరేషన్ చేయించుకున్నవారు, ఇతర దేశాల్లో చేయించుకుని వచ్చినవారు మన మధ్య ఉన్నారు. వారి క్లిప్పు ఏ రకమో రాతపూర్వకంగా తెలియనిదే ఎం.ఆర్.ఐ. గదిలోకి పంపకూడదు. గుండె పేస్‌మేకరు, చెవిలో అమర్చిన వినికిడి యంత్రం, మెదడు నీరు తీసే గొట్టం ఉన్నవారు కూడా ముందే చెప్పాలి.

స్కానింగుకు వెళ్లే ముందు ఇంట్లో చేయవలసినవి

అన్ని నీడలూ ఆపరేషన్ లోహంవే కావు. మన ఒంటి మీద ఉన్నవి కూడా బొమ్మను పాడుచేస్తాయి. తల, మెడ స్కానింగుకు వెళ్లేటప్పుడు కమ్మలు, ముక్కుపుడక, గొలుసు, హెయిర్‌పిన్నులు, హిజాబ్‌కు పెట్టిన సేఫ్టీ పిన్నులు తీసేయాలి. మెడలో రేకు తొడుగు ఉన్న తాయెత్తును కూడా ఆ కాసేపు తీసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. పిన్నులు లేని మామూలు నూలు వస్త్రంతో తల కప్పుకోవచ్చా అని ముందే అడిగితే సిబ్బంది చాలాచోట్ల ఒప్పుకుంటారు. సుర్మా, కాటుకల్లో కొన్నింటిలో లోహపు పొడి ఉంటుంది, శుభ్రంగా కడుక్కుని వెళ్లాలి. తీయగలిగిన కట్టుడు పళ్లు తీసేయాలి. మందు ఎక్కించే పరీక్ష అయితే మూత్రపిండాల పరీక్ష ఫలితం, మధుమేహం మందుల చీటీ వెంట ఉండాలి. గతంలో ఆ మందు పడకపోతే ముందే చెప్పాలి. పరీక్ష జరిగినంతసేపూ కదలకుండా ఉండాలని పెద్దవాళ్లకు, పిల్లలకు ఓపికగా వివరించాలి. కదలిక వల్ల చెడిన బొమ్మను ఏ సవరణా పూర్తిగా బాగుచేయలేదు.

దాతలుగా మన వంతు

ఆపరేషన్‌కు ఇచ్చి తరువాతి స్కానింగుకు ఇవ్వకపోవడం ఇంటికి గోడలు కట్టి కప్పు వేయకపోవడం లాంటిది. బుడగ మళ్లీ తెరుచుకుంటే బయటికి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. మనిషి పనికి వెళుతుంటాడు, నవ్వుతుంటాడు. “బాగానే ఉన్నాడు కదా” అని స్కానింగు వాయిదా వేయడం పేద ఇళ్లలో జరిగేదే. లక్షలు పోసి కాపాడిన ప్రాణాన్ని కొన్ని వేల దగ్గర వదిలేయడం మనకు తగదు. అందువల్ల మెదడు నాళాల ఆపరేషన్‌కు సాయం చేసేటప్పుడే తరువాతి పరీక్షల సొమ్మును కూడా కలిపి లెక్క వేసి, ఆ కుటుంబం పేర పక్కన పెట్టడం మంచిదని మా అభిప్రాయం.

రెండవది, కాగితాలు. ఏ కుటుంబానికి సాయం చేసినా డిశ్చార్జి కాగితం మీద అమర్చిన పరికరం పేరు, తయారీ కంపెనీ, లోహం, తేదీ రాయించుకోమని చెప్పాలి. ఆ పరికరంతో వచ్చే కార్డునూ, దాని స్టిక్కరునూ అడిగి తీసుకోవాలి. వాటి జిరాక్సు ఒకటి ఇంట్లో, ఒకటి మన కార్యాలయం ఫైలులో ఉంచుదాం. ఫోనులో ఫొటో తీసి ఇద్దరు ముగ్గురు బంధువులకు పంపితే ఇంకా మంచిది. దీనికి ఖర్చు ఐదు రూపాయలు. ఇది లేకపోతే పనికిరాని స్కానింగుకు పోయే సొమ్ము వేలల్లో. ప్రాణానికైతే లెక్కే లేదు.

మూడవది, పాత బొమ్మలు. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. స్కానింగు సి.డి.ని, లోహపు సవరణ చేసిన బొమ్మలతో పాటు చేయని బొమ్మలను కూడా ఎక్కించి ఇమ్మని అడగాలి. పోయిన ఏడాది బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే ఈ ఏడాది బుడగ పెరిగిందో లేదో తెలుస్తుంది. ఒకే చోట, ఒకే రకం యంత్రంపై తీయిస్తే పోలిక తేలిక.

నాల్గవది, దరఖాస్తు పరిశీలించేటప్పుడు మన కమిటీ అడగదగిన ప్రశ్నలు మూడే మూడు: లోపల ఉన్న లోహం ఏది? ఈ పరీక్ష ఆ లోహానికి తగినదేనా? ఈ సెంటరు వాళ్లకు లోహం సంగతి ముందే తెలుసా? జవాబులు డాక్టరు దగ్గరి నుంచే రావాలి. మనం డాక్టరు స్థానంలో కూర్చోకూడదు. కానీ సరైన ప్రశ్న అడిగే దాత ఉంటే, చదువురాని తల్లి కూడా డాక్టరు ముందు ధైర్యంగా ఆ ప్రశ్న అడగగలుగుతుంది.

నీడను పూర్తిగా తొలగించే యంత్రం ఇంకా రాలేదు. నీడ ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకుని, దాని పక్కనుంచి తొంగిచూసే ఉపాయాలే మన దగ్గర ఉన్నవి. వాటిలో సగం యంత్రానివి, మిగతా సగం ఒక కార్డు, ఒక సి.డి., నోరు తెరిచి చెప్పిన ఒక మాట. ఆ రెండో సగం మన చేతుల్లోనే ఉంది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి ఆపరేషన్ జరిగినవారు ఉంటే, ఈ వారంలో ఒకసారి వెళ్లి వారి ఫైలు తెరిపించండి. కార్డు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రి రికార్డుల విభాగానికి రాసే దరఖాస్తులో సాయపడండి.